గంజులో నీళ్లు నిలిచేదాకా

ముప్పై రెండేళ్లకే రిటైరయ్యానంటే మా ఇంట్లోనే నవ్వుతారు. నవ్వనీ. మనిషి రిటైర్ కాలేదు, చేతులు రిటైరయ్యాయి. కృత్రిమ కాళ్లు పోతపోసే రెజిన్ అనే జిగురు నా చర్మానికి పడదని తేలింది. అది తగిలితే చాలు, వేళ్ల సందుల్లో పొక్కులు, తర్వాత పగుళ్లు, తర్వాత నెత్తురు. పగిలిన చేతులకు తడి ప్లాస్టర్ కూడా మంటే. చర్మం డాక్టరమ్మ ఒకటే అడిగింది, "చేతులు కావాలా, ఆ పని కావాలా?" అని. చేతులే కావాలన్నాను. ఆ జవాబు అబద్ధమని ఇంటికొచ్చే దారిలోనే తెలిసింది.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో కూర్చుని, ఎక్కడెక్కడి నుంచో స్కాన్ చేసి పంపిన కాళ్లను స్క్రీన్ మీద సరిచేస్తుంటాను. బూడిదరంగు ఆకారాలు. మౌస్‌తో ఇక్కడ కొంచెం నొక్కడం, అక్కడ కొంచెం ఉబ్బించడం. కాలు ఎవరిదో తెలియదు, ఫైలుకు నంబరుంటుంది.

పోయిన నెల మా కాలేజీ జూనియర్లు నన్ను వాళ్ల గ్రూపులో చేర్చారు. చేర్చిన పది నిమిషాలకే ఒకమ్మాయి అడిగింది, "అక్కా, బీపీఓ అయిపోయింది. ఎంపీఓలో చేరాలా? ఇంకో రెండేళ్లు వేస్టా?" వాయిస్ మెసేజ్ పెడదామని మొదలుపెట్టాను. ఎంతసేపటికీ తెగలేదు, మధ్యలో నాకే కోపమొచ్చింది, డిలీట్ చేసి ఇది రాస్తున్నాను. గ్రూపు బయటివాళ్లు చదివితే వాళ్లకోసం: బీపీఓ అంటే కాల్‌సెంటర్ కాదు. పోయిన కాలికి, చేతికి బదులు కొత్తది చేసి అమర్చడం, వంగిన వెన్నుకు, పడిపోయిన పాదానికి ఆసరా పట్టీలు చేయడం నేర్పే డిగ్రీ. ఎంపీఓ దాని మీది పీజీ.

ర్యాంకులు, థీసిస్, ఎవరి సంతకం ఎక్కడ పెట్టించుకోవాలి, ఇవన్నీ మీ సీనియర్లు చెబుతారు. నేను చెప్పేది వేరు.

కాలేజీలో ఏముంటుంది

నడకను కొలిచే ల్యాబ్ ఉంటుంది. నేలలో పలకలు, గోడలకు కెమెరాలు. మనిషి నడిస్తే స్క్రీన్ మీద గీతలు వస్తాయి. నాకు ఆ గది పిచ్చి. పుట్టింది, పెరిగింది హైదరాబాద్, ఫోన్ చేతిలో లేకుంటే వేళ్లు దురదపెట్టే రకం నేను. ఆ గీతలు చూస్తే మనిషి మొత్తం అర్థమైపోయాడనిపించేది.

మా గైడ్ నరహరి సార్‌కు ఆ గది మీద అంత ప్రేమ లేదు. ద్వేషమూ లేదు. ప్లాస్టర్ గదిలోనే ఉండేవాడు. మొదటి ఏడాది నా చేత ఒకే మనిషి కాలికి ఐదుసార్లు అచ్చు తీయించాడు. నాలుగోసారి నేను బకెట్‌ను తన్నాను. నీళ్లన్నీ నేలపాలు. ఆయన తుడుపుగుడ్డ తెచ్చి నా చేతికిచ్చి, "తుడిచాక ఐదోది తీయి" అన్నాడంతే. అంత కోపిష్టిని అంత నిమ్మళంగా భరించిన మనిషిని మళ్లీ చూడలేదు. అప్పట్లో మాత్రం ఆయన పాతకాలం మనిషనుకున్నాను.

అచ్చు తీయడమంటే ఏమిటో ఇంకా చేయనివాళ్లకు చెబుతాను. మోకాలి కింద తెగిన కాలికి తడి ప్లాస్టర్ పట్టీ చుడతాం. మోకాలిచిప్ప కింద మన రెండు బొటనవేళ్లూ నొక్కిపెట్టి కదలకుండా కూర్చుంటాం. మూడు నాలుగు నిమిషాల్లో ప్లాస్టర్ గట్టిపడుతూ వేడెక్కుతుంది. ఆ వేడి మన చేతిదో, వాళ్ల కాలిదో, ప్లాస్టర్‌దో తెలియదు. ఇద్దరం కదలకూడదు. మొహాలు ఎదురెదురుగా ఉంటాయి. అప్పుడు మనుషులు మాట్లాడతారు. డాక్టరుకు చెప్పనివి, ఇంట్లో చెప్పనివి చెబుతారు.

నాకు మళ్లీ ఒక్కసారి కావాలనిపించేది ఆ నాలుగు నిమిషాలే. జీతం కాదు, పేరు ముందు హోదా కాదు. ఆ వేడి.

ఖాజా భాయ్ దగ్గర

రెండో ఏడాది ఆర్నెల్లు బయట పోస్టింగ్. నాకు వనపర్తి పడింది. బెంగళూరు అడిగాను, వనపర్తి ఇచ్చారు. ఏడ్చాను, పోట్లాడాను, సూట్‌కేసు సర్దుకుని బస్సెక్కాను. గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా, అటు అచ్చంపేట అడవి అంచు దాకా కాళ్లు పోయినవాళ్లు వచ్చే చిన్న సెంటర్ అది. రెండు గదులు, ఒక షెడ్డు. నరహరి సార్ పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. మిగతా రోజులు నేనూ, టెక్నీషియన్ ఖాజా భాయ్.

ఖాజా భాయ్‌కి డిగ్రీ లేదు. ఇరవై ఏళ్ల పైచిలుకు ప్లాస్టర్ ఉంది గోళ్లలో. మొదటిరోజే నన్ను చూసి, "వచ్చిన్రా మేడం? ఆర్నెల్లు ఉంటరా, ఆరు దినాలకే పోతరా?" అన్నాడు. నేను ఫోన్ స్టాండుకు పెట్టి అచ్చు తీయడాన్ని రికార్డ్ చేస్తుంటే, మాటిమాటికీ స్క్రీన్ వైపు చూస్తుంటే, "మేడం, గా ఫోన్ ఏం మాట్లాడ్తలేదు. గీ మనిషి మాట్లాడుతుండు, జర ఇను" అనేవాడు.

ఒక సంగతి చెప్పాలి. కొత్తకోటలో లారీల కింద దూరి పనిచేసే మెకానిక్ ఒకాయన ఉండేవాడు. ఆయనకు కాలు చేసిచ్చిన నెలకు తిరిగొచ్చాడు. చూస్తే సాకెట్, అంటే తెగిన కాలు దూర్చే గిన్నె, దాని వెనక అంచును ఆయనే కోసేసుకున్నాడు. నాకు మండింది. "ఎవరు కోయమన్నారు? ఇది ఇంజనీరింగ్!" అని అరిచాను. ఆయన నింపాదిగా, "గొంతుకు కూసోవాలె గద మేడం లారీ కింద. మోకాలు మడవనిస్తలేదు మీ ఇంజనీరింగు" అన్నాడు. ఖాజా భాయ్ ఆ కోసిన అంచును వేలితో నిమిరి, "నీ ఆకురాయి కంటే సాఫ్ ఉన్నది మేడం గీ పని. కొలత రాస్కో" అన్నాడు. రాసుకోలేదు. అది మెకానిక్ తెలివనుకున్నాను, నా తప్పని తోచలేదు.

ఈశ్వరమ్మ

ఈశ్వరమ్మది పెద్దమందడి అవతల ఒక ఊరు. నలభై దాటిన మనిషి. ఆ ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది. పెళ్లికి పోతూ ఉంటే హైవే మీద ఆటో బోల్తాపడి, ఎడమ కాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. ఆమె స్థానంలో ఇంకొకామె తాత్కాలికంగా వండుతోంది. ఈశ్వరమ్మకు కావాల్సింది ఒక్కటే, తన పొయ్యి తనకు తిరిగి రావాలి.

అచ్చు తీస్తున్నప్పుడు, ఆ నాలుగు నిమిషాల్లో చెప్పింది. "ఇంట్ల కూసుంటే వచ్చినోళ్లందరూ అయ్యో అంటరు బిడ్డా. పొద్దుగాల నుంచి పొద్దుగూకేదాక అయ్యో, అయ్యో. బడికాడ పోరగాళ్లు అయ్యో అనరు. ఇంకింత పప్పెయ్యి అంటరు. నాకు గాడికి పోవాలె."

నేను ఫారంలో రాశాను: వంట పని, ఎక్కువసేపు నిలబడాలి. చెప్పులు వేసుకుంటారా అన్న గడి ఉంటుంది. అడిగాను. "ఏస్కుంటగా" అంది. టిక్కు పెట్టాను. సెంటర్ తరఫున ఇచ్చే పట్టీ చెప్పులు తొడిగాను. వాటికి మడమ దగ్గర వేలెడు ఎత్తు. ఆ ఎత్తుకు సరిపడా పాదాన్ని, పైపును కుదిర్చాను. దీన్నే అలైన్‌మెంట్ అంటాం. పాదం మీద కాలు ఏ కోణంలో నిలబడాలో మరలు తిప్పి చూసుకోవడం.

నిజం చెప్పాలంటే, కాలు బాగా కుదిరింది. షెడ్డులో టైల్స్ మీద, రెండు కడ్డీల మధ్య, తర్వాత కడ్డీలు వదిలి నడిచింది. వీడియో తీశాను. ముందు నుంచి, పక్క నుంచి, స్లో మోషన్‌లో. కాలేజీలో కేసు చెప్పాల్సిన రోజు అదే చూపించాను. బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్, "టెక్స్ట్‌బుక్ గేట్" అన్నాడు, అంటే పాఠపుస్తకంలో చూపించదగ్గ నడక. నా స్టేటస్‌లో పెట్టుకున్నాను. చప్పట్లు, నిప్పు బొమ్మలు, కండబలం బొమ్మలు. నరహరి సార్ ఒక్కటే అడిగాడు, "వంట గది చూశావా?" "వీడియో ఉంది కదా సార్" అన్నాను.

అదే వారం, వేసవి సెలవులకు రెండు రోజుల ముందు, బడి పెద్దసారు ఆమెను ఒకపూట వచ్చి చూడమన్నాడు. పప్పు వండే పెద్ద గిన్నెను, ఖాళీ గంజును, పట్టుకుని పొయ్యి దగ్గరి నుంచి రెండడుగులు వేసి, వెనక్కి వెల్లకిలా పడింది. గంజులో పప్పు లేదు కాబట్టి సరిపోయింది. పెద్దసారు హడలిపోయాడు. బడి తెరిచిన రోజు గంజు మోసి చూపించాలి, లేదంటే ఇప్పుడున్న ఆమే వండుతుంది అన్నాడు. ఆయన మీద నాకేం కోపం లేదు. మరిగే పప్పు, చుట్టూ పిల్లలు.

నువ్వడగలే

ఆ మర్నాడు మధ్యాహ్నం నేనూ, ఖాజా భాయ్ సెంటర్ లోపలి గదిలో చాప మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు విప్పాం. ఈశ్వరమ్మ గుమ్మంలోకి వచ్చింది. చంకలో కర్ర, చేతిలో ఎరువుల సంచి. సంచిలో కాలు. చాప పక్కన పెట్టి, "గిది మీదే. తీస్కోన్రి" అంది.

జరిగింది విన్నాక నేను చేసిన పని రాయడానికి సిగ్గేస్తోంది, కానీ రాస్తాను. లేచి అరిచాను. "చెప్పులెందుకు విప్పారు? ఆ చెప్పులతోనే నడవాలని చెప్పానా లేదా? చెప్పులిప్పితే మడమ కిందికి దిగిపోతుంది, కాలు వెనక్కి వాలుతుంది, పడక ఏం చేస్తారు?"

"అన్నం ఒండే జాగల చెప్పులేస్కొని ఎట్ల తిరుగుత మేడం?"

"మరి ముందే చెప్పాలి కదా నాకు!"

"నువ్వడగలే."

గొంతు పెంచలేదామె. అదే నన్ను ఇంకా రెచ్చగొట్టింది. ఇంకేదో అనబోయాను. ఖాజా భాయ్ ముద్ద చేతిలోనే పట్టుకుని, నా వైపు చూడకుండా అడిగాడు.

"మేడం, నీ బూట్లు యాడున్నయ్?"

చూశాను. గుమ్మం బయట ఉన్నాయి. అన్నం తినే గదని రోజూ బయటే విప్పి వస్తాను. హైదరాబాద్‌లో మా ఇంట్లోనూ అంతే. పుట్టినప్పటి నుంచి అంతే. ఇన్నేళ్లుగా మడమ ఎత్తులు, కోణాలు చదివిన నాకు, ఒక మనిషి రోజుకు ఎన్నిసార్లు చెప్పులు విడుస్తుందో అడగాలని తట్టలేదు. మా పుస్తకాలు రాసినవాళ్లు బూట్లతో ఇంట్లో తిరిగేవాళ్లు కాబోలు, ఆ ప్రశ్న వాళ్ల ఫారంలో లేదు. వాళ్లకు అవసరం లేకపోయింది. నాకు అవసరమే, నేనే అడగలేదు.

"కూసో అక్కా, తిన్నవా?" అని ఖాజా భాయ్ ఈశ్వరమ్మకు చాప జరిపాడు. "మేడంకు గుస్సా ఎక్కువ. పని ఆగదు, గుస్సనే ఆగుతది."

నేను వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. క్షమాపణ అడగడం నాకు అప్పటికి చేతకాదు. "చెప్పులు ఎక్కడెక్కడ విడుస్తావమ్మా?" అని అడిగాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ పోయింది. పొయ్యికాడ. బియ్యం పెట్టే గదికాడ. ఇంటి అర్రకాడ. బాయికాడ బురద ఉంటే ఆడ. తమ్ముని ఇంట్ల. పోశమ్మ గుడికాడ. చివరికి అంది, "గిట్ల సూస్తె ఏస్కునే తావులే తక్కువ బిడ్డా."

బడి వంటగది

అడిగితే పెద్దసారు సెలవులకు మూసిన వంటగది తాళంచెవి పంపాడు. మే నెల ఎండ. ఖాజా భాయ్ తన సంచిలో మరలు తిప్పే చిన్న కడ్డీలు, రబ్బరు, గమ్ము వేసుకున్నాడు. ముగ్గురం ఆటోలో పోయాం. గుమ్మం దగ్గర నేను లోపలికి అడుగు పెట్టబోతుంటే ఈశ్వరమ్మ ఆపింది.

"బూట్లు గాడ్నే ఇడువు."

వట్టికాళ్లతో నిలబడ్డాను. బండల నేల. పొయ్యి నుంచి వరండాకు నాలుగు బారలు, మధ్యలో ఒక గడప. గిన్నెలు కడిగే మూల నుంచి తడి పారుతుంది. నా ల్యాబ్‌లో గడప లేదు. తడి లేదు.

అలవాటుగా ఫోన్ తీసి, "నడవమ్మా, రికార్డ్ చేస్తా" అన్నాను. ఆమె పెద్ద గంజును కుళాయి కింద పెట్టి సగం పైగా నీళ్లు నింపింది.

"ఫోన్ జేబుల పెట్టు. గా చెవి పట్టు."

రెండు చెవుల గంజు అది. అంత పెద్ద గంజును ఎప్పుడూ ఇద్దరు ఆడవాళ్లు అటొకరు, ఇటొకరు మసిగుడ్డతో పట్టుకుని మోస్తారు. ఫోన్ జేబులో పెట్టి రెండో చెవి పట్టుకున్నాను. లేపాం. నడిచాం.

మొదటి అడుగుకే నా భుజానికి తెలిసింది. ఆమె ఎడమ కాలు వేసినప్పుడల్లా గంజు టక్కున ఆగేది. నీళ్లు ముందుకు లేచి అంచు దాటి నా పాదాల మీద పడేవి. ఎత్తు ఎక్కుతున్నట్టు మోకాలు వెనక్కి తోసేస్తోందన్నమాట. కెమెరా ముందు గీతలు చూసి నేను చెప్పే మాటను గంజు చెవి నా వేళ్లకు చెప్పింది. ఇంకా ఎక్కువే చెప్పింది. భయపడి ఆమె ఊపిరి బిగబట్టినప్పుడు చెవి బిగుసుకునేది. గడప దగ్గర ముందే భుజం ఎత్తి, మంచి కాలిని ముందు దాటించేది. ఏ కెమెరాకూ అది తెలియదు.

"దించుదాం" అన్నాను. బండ మీద కూర్చుని మర అరచుట్టు తిప్పాను. మళ్లీ లేపాం. నీళ్లు ఈసారి తక్కువ చిమ్మాయి. మళ్లీ దించాం. పావుచుట్టు. మళ్లీ లేపాం. ఎక్కువైంది, ఈసారి మోకాలు ముందుకు కుంగింది, గంజు ఆమె వైపు ఒరిగింది. ఈశ్వరమ్మ నవ్వింది. "ఇప్పుడు సాష్టాంగం పెట్టిస్తున్నవ్. జర ఎనక్కి తిప్పు." తిప్పాను. ఖాజా భాయ్ గుమ్మంలో కూర్చుని, "కుడిదిక్కు గుంజుతుంది సూడు... ఇంకింత... బస్" అంటూ ఉన్నాడు.

నడక కుదిరాక తడి సంగతి తేలింది. పెట్టుడు పాదం అడుగు నున్నన, తడి బండ మీద సర్రున జారుతుంది. ఖాజా భాయ్ పాదం విప్పి, సంచిలోంచి గీతలున్న రబ్బరు ముక్క తీసి, అడుగంతా మందం సమానంగా అంటించి, ఎండలో రాయి కింద పెట్టాడు. అది ఆరేదాకా ముగ్గురం వరండాలో కూర్చున్నాం. నేను ఫోన్ చూడలేదు. ఎందుకో చూడాలనిపించలేదు.

ఆరాక చివరిసారి లేపాం. పొయ్యి నుంచి గడప దాకా, గడప దాటి వరండా దాకా. దించబోయే ముందు గంజులోకి చూశాను. నీళ్ల మీద కిటికీ కనిపించింది, చువ్వలన్నీ నిటారుగా, ఎక్కడా విరగకుండా.

ఈశ్వరమ్మ కూడా చూసింది. "ఇగ నువ్వు ఇడ్సిపెట్టు, నేను జూస్కుంట" అంది.

ఆ సాయంత్రం నరహరి సార్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. అరిచింది కూడా చెప్పాను. ఆయన విని, "మెకానిక్ కోసిన అంచు కొలత రాసుకున్నావా?" అన్నాడు. ఖాజా భాయ్ ఆయనకు అప్పుడే చెప్పాడన్నమాట. మర్నాడు కొత్తకోట పోయి లారీ కింద పడుకున్న ఆయన దగ్గర కొలత తీసుకొచ్చాను. ఆయన కాసేపు నన్ను ఆడుకున్నాడు, "ఏం మేడం, మా దగ్గర ట్రైనింగా?" అని. పడాల్సిందే.

చేరాలా వద్దా

చేరండి. కానీ కాలేజీని నమ్ముకుని చేరకండి. మనకు దొరికే చదువు మంచిదే, ఎముకలు, కండరాలు, బలాలు, కోణాలు తెలియకుండా ఆ మర ఎటు తిప్పాలో నాకు తెలిసేది కాదు. ఖాజా భాయ్‌కి తెలుసు కదా అంటారేమో. తెలుసు, కానీ ఎందుకో చెప్పలేడు, అందుకే ఇరవై ఏళ్లయినా ఆయన మాటకు మీటింగుల్లో కుర్చీ లేదు. ఆ విషయంలో మన పీజీలందరి మీదా నాకు కోపం, నా మీద సహా. నా కేసు రిపోర్టు రెండోసారి రాసినప్పుడు ఆయన పేరు పైన పెట్టాను. అది కొట్టేయమన్నారు. కొట్టేయలేదు. దానికి తగ్గిన మార్కుల గురించి ఎప్పుడూ బాధపడలేదు.

పోస్టింగ్ ఎక్కడ వేసినా పోండి. వీడియో తీయండి, నేనేం వద్దనను, కానీ ముందు ఆ మనిషి మోసేదాన్ని రెండోవైపు పట్టుకుని చూడండి. నీళ్ల బిందె, గడ్డిమోపు, విత్తనాల బస్తా, ఏదైనా.

గ్లోవ్స్ తొడుక్కోండి. ఇది అరిచి చెబుతున్నాననుకోండి. ఆ గంజు తర్వాత నాకు చేతి స్పర్శంటే పిచ్చి పట్టింది. గ్లోవ్స్ వేస్తే ఏమీ తెలియదని వట్టిచేతులతో రెజిన్ పులిమేదాన్ని. ఖాజా భాయ్ పదిసార్లు చెప్పాడు, "చేతులు ఉంటెనే గద మేడం పని" అని. ఆయన చేతులకు ఏమీ కాలేదు కాబట్టి నాకూ కాదనుకున్నాను. ఐదేళ్లు పట్టింది. మొదట దురద, తర్వాత రాత్రిళ్లు నిద్రలేకపోవడం, తర్వాత ఆ డాక్టరమ్మ ప్రశ్న. ఆఖరి రోజు ఒక పెద్దాయన కాలికి అచ్చు తీయాల్సి ఉంది. పక్క గదిలో నిలబడి ఇంకొకరు తీస్తుంటే చూశాను. ప్లాస్టర్ వేడెక్కే క్షణం ఆయన మొహంలో తెలిసింది. నా చేతులు జేబుల్లో ఉన్నాయి.

ఇప్పటికీ ఆఫీసులో మధ్యాహ్నం పూట టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని అలా కూర్చుంటాను. పక్క సీటమ్మాయి, చలేస్తోందా అని ఏసీ తగ్గిస్తుంది. కాదని చెప్పను.

బడి తెరిచిన రోజు

నా పోస్టింగ్ ముందురోజే అయిపోయింది. సూట్‌కేసు సెంటర్‌లో పెట్టి పొద్దున్నే ఆ ఊరికి పోయాను. పిల్లలంతా కొత్త పుస్తకాల గొడవలో ఉన్నారు. వంటగది పొగ బయటికొస్తోంది. నన్ను చూసి ఈశ్వరమ్మ తలూపి, పప్పులో గరిటె తిప్పుతూనే ఉంది.

అన్నం గంట కొట్టే వేళకు పెద్దసారు వచ్చి గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాడు. "ఈశ్వరమ్మా, నాకు భయమే అయితుంది. కాకుంటె కాదని చెప్పు. ఎవ్వరేమనరు."

"సూడు సారూ. సూసినంక చెప్పు."

కొంగు నడుముకు దోపింది. ఇన్నాళ్లూ ఆమె బదులు వండినామె ఒక చెవి పట్టుకుంది, ఈశ్వరమ్మ రెండోది. పప్పు అంచు దాకా ఉంది, ఆవిరి పైకి లేస్తోంది. లేపారు.

నాకు తెలియకుండానే రెండడుగులు ముందుకు వేశాను. చేతులు చాపాను. పడితే పట్టుకుందామనో, మర ఇంకో పావుచుట్టు తిప్పాలనో. గడప ముందు సరిగ్గా ఆమె దారిలో నిలబడ్డాను.

"జరుగు బిడ్డా. అడ్డమొస్తున్నవ్."

గోడకు ఆనుకున్నాను. మంచి కాలు గడప దాటింది. తర్వాత నేను చేసిన కాలు దాటింది. పప్పు కదిలింది, చిందలేదు. పెద్దసారు పక్కకు తప్పుకున్నాడు. పిల్లల్ని వరసలో కూర్చోబెట్టడానికి పోయాడు. అదే ఆయన జవాబు.

ఆమె నా మోచేతికి రాసుకుంటూ పోయింది. ఆవిరి నా మొహానికి తగిలింది. నా వైపు చూడలేదు. కాలు వైపూ చూడలేదు. చూపంతా వరండాలో పళ్లేలు పట్టుకున్న పిల్లల మీద ఉంది. అక్కడ నేనున్న సంగతే మరిచిపోయింది.

ఆ తర్వాత చాలామందికి కాళ్లు చేశాను. వాళ్లలో చాలామంది దండాలు పెట్టారు, కొందరు ఏడ్చారు, ఒకాయన తన తోటలో కాసిన మామిడిపండ్లు తెచ్చాడు. అవన్నీ బాగానే ఉంటాయి. కానీ ఇప్పుడు స్క్రీన్ ముందు కూర్చుని నేను కోరుకునేది అవి కాదు. ఎవరో ఒకరు, తన పని తొందరలో, నేను ఎవరో మరిచిపోయి, జరుగు అని నన్ను మళ్లీ ఒక్కసారి గోడకు ఆనించి నడిచిపోతే చాలు.